కేథడ్రల్ పక్కన రాతి ఇల్లు తీసుకోమంటారా?

ప్రశ్న: నేను నర్సుని. ఇంగ్లండ్‌లోని లింకన్ అనే ఊళ్లో ఆసుపత్రి ఉద్యోగం వచ్చింది. మావారిది ఇంటి నుంచే చేసుకునే సాఫ్ట్‌వేర్ పని. ఐదేళ్ల బాబుతో మరో రెండు నెలల్లో బయల్దేరుతున్నాం. తర్వాత అత్తయ్యగారు విజిటర్ వీసా మీద వచ్చి ఆర్నెల్లు ఉంటారు. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. అక్కడి కేథడ్రల్ (పెద్ద చర్చి) పక్కనే పాత రాతి ఇల్లు అద్దెకుందని ఫొటోలు పంపారు. చూడగానే మనసుపడ్డాం. తీసుకోవచ్చా? మనవాళ్లు ఎక్కువగా లేని అంత పాత ఊళ్లో ఉండగలమా అని టెన్షన్‌గా ఉంది.
– ఒక సోదరి, తెనాలి

జవాబు: ఫొటోలు చూసి మాత్రం ఆ ఇల్లు తీసుకోవద్దు చెల్లెమ్మా. లోపలికి వెళ్లి, బయటి గోడ మీద చెయ్యి పెట్టి చూసేదాకా అడ్వాన్సు కట్టకండి. తొమ్మిదేళ్లుగా నేనుంటున్న ఊరది. వచ్చిన కొత్తలో మేమూ అలాంటి ఇంట్లోనే దిగాం.

కిటికీ తెరిస్తే ఎదురుగా కేథడ్రల్ గోపురాలు. అక్టోబరు దాకా ఆ ఇల్లు స్వర్గంలా అనిపించింది. కిటికీలకి ఒక్క పొర అద్దమే. అలాంటి ఇళ్లు చాలావరకు వారసత్వ కట్టడాల జాబితాలో ఉంటాయి, కిటికీ మార్చాలన్నా అనుమతి కావాలి. చలికి తలుపులన్నీ బిగించుకుని అన్నం వార్చడం, పప్పు ఉడికించడం, బట్టలు లోపలే ఆరేయడం. ఆ ఆవిరంతా పోయి చల్లటి గోడకి పట్టింది. సంక్రాంతికి కట్టుకుందామని బీరువా తీస్తే నా పెళ్లి పట్టుచీర మడతల నిండా నల్లటి బూజు చుక్కలు. బీరువా ముందుకు లాగాం. వెనక గోడ నడుమెత్తు వరకూ నల్లబడి, ముట్టుకుంటే తడిగా ఉంది. ఓనరుకి చెబితే "పాత ఇళ్లు ఇంతే" అన్నాడు. మా బాబుకి దగ్గు తగ్గక, గడువు అవగానే ఖాళీ చేశాం. డిపాజిట్ మాత్రం పూర్తిగా తిరిగొచ్చింది. మామూలు అద్దెలకి ఐదు వారాల అద్దె కన్నా ఎక్కువ డిపాజిట్ అడగకూడదు, తీసుకున్నది 30 రోజుల్లోగా ప్రభుత్వం గుర్తించిన స్కీములో పెట్టాలి. ఆ కాగితం అడిగి దగ్గరుంచుకోండి.

మరి ఎక్కడ చూసుకోవాలంటారా? ఊరు కొండ మీద సగం, కింద సగం. అక్కడివాళ్లు అప్‌హిల్, డౌన్‌హిల్ అనే అంటారు. రైల్వే స్టేషను, పెద్ద బజారు కింద. కేథడ్రల్, కోట పైన. మీరు చేరబోయేది లింకన్ కౌంటీ ఆసుపత్రి అయితే అదీ పైవైపే, గ్రీట్‌వెల్ రోడ్డులో. కిందికీ పైకీ మధ్య స్టీప్ హిల్ అనే వీధి ఉంది. రాళ్లు పరిచిన ఎక్కుడు, వాన పడితే జారుతుంది. పట్టుకోవడానికి పక్కన కమ్మీ వేశారంటే ఎంత నిటారుగా ఉంటుందో ఊహించుకోండి. మోకాళ్ల నొప్పులున్న మనిషి కింద కాపురం ఉండి రోజూ అది ఎక్కలేరు. అందుకని పైనే, కేథడ్రల్‌కి ఉత్తరంగా న్యూపోర్ట్ ఆర్చ్ దాటి, నెటిల్‌హామ్ రోడ్డు వైపు వెతకండి. నేల చదునుగా ఉంటుంది. ఈమధ్య కాలపు ఇటుక ఇళ్లు, రెండు పొరల కిటికీలు, చాలావాటికి చిన్న పెరడు. ఆ ఆర్చ్ రోమన్లు కట్టిన ఊరి ద్వారం. ఇప్పటికీ దాని కింద నుంచి కార్లు పోతుంటాయి, మీవాడికి రోజూ చూపించొచ్చు. మొదటి నెల ఉండటానికి గది ఏమైనా ఇస్తారేమో ఆసుపత్రివాళ్లని ఇప్పుడే అడగండి. దిగాక తాపీగా ఇల్లు చూసుకోవచ్చు.

కేథడ్రల్ ఎలాగూ నడిచి వెళ్లే దూరంలోనే ఉంటుంది. మీ అత్తయ్యగారిని సాయంత్రం ప్రార్థనకి తీసుకెళ్లండి. ఈవెన్‌సాంగ్ అంటారు. మామూలుగా చూడ్డానికి వెళ్తే టికెట్టు గానీ ప్రార్థనకి అక్కర్లేదు, మీది ఏ మతమని ఎవరూ అడగరు. మా అత్తయ్యది ములుగు దగ్గర పల్లె. మొదటిరోజు "మనల్ని రానిస్తారా?" అని గుమ్మం దగ్గరే ఆగిపోయింది. లోపల పిల్లలూ పెద్దలూ కలిసి పాడుతుంటే అరగంట పైన కదలకుండా కూర్చుంది. బయటికొచ్చాక "ఇది ఎప్పుడు కట్టిండ్రు?" అని అడిగింది. 1072లో మొదలుపెట్టారనీ, 1185లో భూకంపానికి దెబ్బతింటే బిషప్ హ్యూ 1192లో మళ్లీ మొదలుపెట్టారనీ, ఆ పని తరాల తరబడి సాగిందనీ చెప్పాను. "అయితే మా రామప్ప గుడి నాటిదే" అంది. నిజమే, రామప్ప గుడి 1213 నాటిది. ఇప్పటికీ కేథడ్రల్‌కి సొంత శిల్పులున్నారు, పాడైన రాయి తీసి కొత్తది చెక్కి పెడుతుంటారు. ఆ మాట విన్నాక ఉన్నన్నాళ్లూ వారానికి మూడుసార్లు వెళ్లేది. ఆవిడకి దిగులు తీరింది అక్కడే.

మీవారు సాఫ్ట్‌వేర్‌లో రోజూ రాసే బూలియన్ లెక్కకి (అవును, కాదు అనే రెండు విలువలతో నడిచే లెక్క) మూలపురుషుడు జార్జ్ బూల్ 1815లో పుట్టింది ఈ ఊళ్లోనే. కేథడ్రల్‌లో ఆయన జ్ఞాపకార్థం ఒక కిటికీ ఉంది.

మనవాళ్లు తక్కువే, అది నిజం. గోంగూర, కరివేపాకు, మంచి బియ్యం కోసం మేం నెలకోసారి కారులో లెస్టర్‌లోని బెల్‌గ్రేవ్ రోడ్డుకి వెళ్తాం. గంటంపావు ప్రయాణం. కరివేపాకు దూసి ఫ్రీజర్లో పెట్టుకుంటే నెలంతా వస్తుంది. షాపుల్లో పెద్దవాళ్లు మిమ్మల్ని "మి డక్" అని పిలిస్తే బాతు అంటున్నారేమిటని కంగారు పడకండి. మనం "అమ్మా", "నాన్నా" అన్నట్టు అది వాళ్ల ముద్దు పిలుపు.

అత్తయ్యగారికి ప్రయాణ బీమా తప్పకుండా తీయండి, మోకాళ్లూ బీపీ ఉంటే అవీ అందులో రాయించండి. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లు ఆసుపత్రిలో చేరితే మామూలుగా బిల్లు కట్టాల్సిందే. టికెట్ ఏప్రిల్‌కి బుక్ చేయండి. డిసెంబరులో నాలుగు కాకముందే చీకటి పడుతుంది, పెద్దవాళ్లకి బెంగ పుట్టేది అప్పుడే. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురుంటుంది. రాత్రి భోజనం చేశాక కూడా ఆవిడ మనవడి చెయ్యి పట్టుకుని కేథడ్రల్ దాకా నడిచి రావచ్చు.