గర్భసంచికి ‘పూత’ అనవచ్చా?

సందేహం: మా చెల్లెలికి గుంటూరు కొత్తపేటలో స్కానింగ్ తీయించాం. అండాశయంలో చాక్లెట్ సిస్టు ఉందని, ఎండోమెట్రియోసిస్ అని చెప్పారు. అక్కడిచ్చిన తెలుగు కరపత్రంలో మాత్రం ‘గర్భసంచి పూత వాపు’ అని ఉంది. అది చదివి మా అమ్మ లోపల పుండు పడిందని బెంగ పెట్టుకుంది. ఆ మాట సరైనదేనా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం: సరైనది కాదమ్మా. మామిడికి వచ్చేదీ పూతే, గోడకు పూసేదీ పూతే, నోరు పూస్తే వచ్చేదీ పూతే. ఒంటి బాధ గురించి మాట్లాడేటప్పుడు మనకు ముందు తోచేది నోటిపూతే. కనుక మీ అమ్మగారు పుండు అనుకోవడంలో తప్పు లేదు, తప్పంతా రాసినవారిది.

పోనీ గోడపూత అర్థంలో రాశారనుకుందామన్నా పొసగదు. ఎండోమెట్రియం అంటే గర్భసంచి లోపలి పొర. అది పైన పూసింది కాదు, లోపల పెరిగేది. అందులో రెండు అంతస్తులున్నాయి. పైది నెలనెలా రాలిపోతుంది. అడుగుది నిలిచి ఉండి, మళ్లీ పైదాన్ని మొలిపిస్తుంది. ఉయ్యూరు వైపు చెరకు నరికాక మోళ్లనుంచి పిలకలు లేచి కార్శి తోట వస్తుంది చూడండి, అలాగన్నమాట. ఈస్ట్రోజెన్ అనే హార్మోను అందగానే అక్కడి కణాలు విభజన చెంది పొర మందమవుతుంది. అండం విడుదలయ్యాక ప్రొజెస్టెరాన్ అనే మరో హార్మోను ఆ పెరుగుదలకు పగ్గం వేసి, పిండం నాటుకోవడానికి చోటు సిద్ధం చేస్తుంది. గర్భం నిలవకపోతే ప్రొజెస్టెరాన్ తగ్గిపోతుంది, పై అంతస్తు రాలుతుంది. అదే నెలసరి.

అందుకని ‘గర్భసంచి లోపొర’ అనడమే నాకు సమ్మతం. మూలంలోనూ అదే ఉంది. గ్రీకులో ఎండో అంటే లోపల, మెట్రా అంటే గర్భాశయం. ఆ మెట్రా అమ్మ అనే మాటనుంచి పుట్టింది, మన ‘మాతృ’ శబ్దానికి దాయాది.

‘వాపు’ ఇంకా పెద్ద పొరపాటు. చివర ‘ఐటిస్’ ఉన్న పేర్లకు వాపు కుదురుతుంది. ఎన్‌సెఫలైటిస్‌ను మెదడువాపు అంటున్నాం కదా! ఎండోమెట్రైటిస్‌ను అలాగే లోపొర వాపు అనవచ్చు. మీ చెల్లెలిది ‘ఓసిస్’. లోపొరను పోలిన కణజాలం గర్భసంచి బయట పెరగడం ఆ జబ్బు. అక్కడ కూడా అది హార్మోన్లకు లొంగి నెత్తురు కారుస్తుంది, కానీ ఆ నెత్తురు బయటికి పోయే దారి ఉండదు. అండాశయంలో అలా నిలవపడి ముదురు గోధుమరంగుకు తిరిగిన నెత్తురు తిత్తే చాక్లెట్ సిస్టు. మంట, వాపు ఆ తరువాత వచ్చి చేరతాయి. నేనైతే ‘చోటు తప్పిన లోపొర’ అని రాసి, పక్కనే ఎండోమెట్రియోసిస్ అన్న పేరూ ఉంచుతాను, డాక్టరు చీటీలో కనిపించేది అదే కనుక. అలాంటి కణజాలమే గర్భసంచి కండరంలో పెరిగితే దాని పేరు అడినోమయోసిస్.

రిపోర్టులోని ‘ఎండోమెట్రియల్ థిక్‌నెస్’ను ‘గర్భసంచి మందం’ అనేవారూ ఉన్నారు. ఆ మందం లోపొరది. ముట్లు వచ్చే వయసులో అది బహిష్టు రోజుల్లో 2–4 మిల్లీమీటర్లు ఉండి, తరువాతి నెలసరి దగ్గరపడేసరికి 16 దాకా పెరగడం మామూలే.

గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మనది ఒకటని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. పూత, వాపు, మందం అన్న మాటలు విని హడలిపోయి ‘తీయించేస్తే పీడా పోతుంది’ అన్న ఇళ్లను నేనెరుగుదును. అందుకే ఇంత పట్టుబడుతున్నాను. మీ అమ్మగారితో ఇలా అనండి: “అమ్మా, గర్భసంచికి పుండు పడలేదు. దాని లోపొర లాంటిది అండాశయంలో పెరిగింది.”