కోపంగా అరిచిన మనిషి మీద పోలీసులు చెయ్యి చేసుకోవచ్చా?

రోడ్డు మీద ఆపినందుకు గొంతు పెంచి అరిచిన మనిషిని పోలీసులు బలవంతంగా లాక్కెళ్లడం సబబేనా అని అడిగారు. ఒకసారి నేనూ అట్లాగే అరిచాను, నన్నూ అట్లాగే లాక్కెళ్లారు. అందులో కొంత సబబే అని ఇప్పటికీ అంటాను. కొంత మాత్రం ఎప్పటికీ ఒప్పుకోను.

మాది తిరుపతి. కొన్నేళ్ల కిందటి మాట, బ్రహ్మోత్సవాల మొదటి రోజు సాయంత్రం. ముఖ్యమంత్రి పట్టువస్త్రాలు తీసుకుని కొండకు వెళ్లే రోజు కాబట్టి కాన్వాయ్ దారిలో ఎక్కడికక్కడ ట్రాఫిక్ ఆపేస్తారు. ఊళ్లో ఉండేవాళ్లకు కొత్తేమీ కాదు, నాకూ తెలుసు. అయినా బండి తియ్యక తప్పలేదు. మా నాయనకు ఆ రోజు డయాలసిస్, ఐదు గంటల స్లాట్. ఒకసారి ఎక్కితే నాలుగు గంటలు మెషీన్ మీద ఉండాలి. మనం లేటయితే ఇంకొకరిని ఎక్కించేస్తారు. అంతకు ముందుసారి జ్వరమొచ్చి సగంలోనే దించేశారు కూడా. కాళ్లకు నీరు పట్టి చెప్పులు ఎక్కట్లేదు, ఒట్టి కాళ్లతోనే బండెక్కాడు.

ఏ సర్కిలో చెప్పను, తిరుపతివాళ్లు ఎట్లాగూ కనుక్కుంటారు. బారికేడ్ దగ్గర కానిస్టేబుల్‌కు హాస్పిటల్ పుస్తకం చూపించాను. "కాన్వాయ్ పొయ్యేదాకా ఎవురికైనా అంతే" అన్నాడు. సరే అని ఆగాను. ఇరవై నిమిషాలైనా కాన్వాయ్ జాడ లేదు. ఇంతలో అద్దానికి ఏదో స్టిక్కర్ ఉన్న కారొకటి వస్తే బారికేడ్ జరిపి వదిలేశారు. అప్పుడు లేచింది నాకు. "ఆ కారాయనకేమన్నా కిడ్నీలు పోయినాయా?" అని మొదలుపెట్టి, రాయడానికి వీల్లేని మాటలు కూడా కొన్ని అన్నాను. చుట్టూ జనం, ఫోన్లు పైకి లేచాయి. కానిస్టేబుల్ మొహం ఎర్రబడింది కానీ, అప్పటిదాకా నన్ను ముట్టుకోలేదు.

గొడవ చూసి నాయన బండి దిగి మా ఇద్దరి మధ్యకు వచ్చాడు. "సార్, పిల్లోడు తెలీక..." అంటుంటే, ఆయన్ను పక్కకు జరపడానికి కానిస్టేబుల్ నాయన ఎడమ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. డయాలసిస్ వాళ్ల ఇళ్లలో ఈ సంగతి చిన్నపిల్లలకు కూడా తెలుసు, ఫిస్టులా, అంటే డయాలసిస్ సూదుల కోసం ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపిన చోటు, ఉన్న చెయ్యి నొక్కకూడదు. నాయనకు అది ఎడమ చేతికే ఉంది. ఆ చేతికి బీపీ పట్టీ కట్టరు, సంచి తగిలించుకోరు, ఆ చెయ్యి కిందేసుకుని పడుకోరు. మణికట్టు పైన వేలు పెడితే లోపల రక్తం గుర్రుమంటూ తిరగడం తెలుస్తుంది. అది ఆగితే మళ్లీ ఆపరేషనే. కానిస్టేబుల్‌కు ఇదంతా తెలిసే అవకాశం లేదు. నాకు మాత్రం ఆ పట్టుకున్న వేళ్లు తప్ప ఇంకేమీ కనబడలేదు. వెళ్లి అతని కాలర్ పట్టుకున్నాను.

ఆ తర్వాత రెండు క్షణాల్లో ఇద్దరు నా చేతులు వెనక్కి విరిచి, మొహం బండి సీటుకు ఆనించి అదిమారు. చొక్కా గుండీలు తెగాయి, భుజం వారం రోజులు నొప్పి పెట్టింది. దాని మీద నాకు ఫిర్యాదు లేదు. యూనిఫాం వేసుకున్నవాడి కాలర్ పట్టుకుంటే విడిపించుకుంటాడు, పక్కవాడు వచ్చి పట్టుకుంటాడు. చుట్టూ అంత జనం ఉన్నప్పుడు నాతో చర్చ పెట్టుకోమని అడగలేను. ఇదే ఊళ్లో 2025 జనవరి 8న వైకుంఠద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చిన జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు పోయారు. జనాన్ని అదుపులో పెట్టాల్సినవాడు ఒక్కోసారి నెట్టాల్సి వస్తుందని ఇక్కడివాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

అయితే కథ అక్కడ ఆగలేదు. నన్ను రోడ్డు పక్కన టెంట్‌లోకి తీసుకెళ్లి ప్లాస్టిక్ కుర్చీలో కూచోబెట్టారు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూచున్నాను, నిజం చెప్పాలంటే ఏడుస్తున్నాను. ఐదారు నిమిషాలైంది. కాలర్ సర్దుకుంటూ ఆ కానిస్టేబుల్ లోపలికొచ్చాడు. "ఎవురి కాలర్ పట్టుకున్నావో తెలుసునా?" అని చెంప మీద రెండు కొట్టాడు. ఎడమ చెవి మూడు రోజులు గుయ్యిమంటూనే ఉంది. అతని పేరు చూద్దామంటే రిఫ్లెక్టర్ జాకెట్ కింద నేమ్ ప్లేట్ కనబడలేదు. అరెస్టు చేసే పోలీసుల పేరు, హోదా స్పష్టంగా కనబడాలని సుప్రీంకోర్టు డీకే బసు కేసులో 1996లోనే చెప్పింది. పోలీస్ స్టేషన్లలో సీసీ కెమెరాలు ఉండాలని 2020లో ఇంకో తీర్పు వచ్చింది. టెంట్‌లో కెమెరా ఎక్కడుంటుంది?

మీ ప్రశ్నకు నా జవాబు ఆ ఐదారు నిమిషాల్లోనే ఉంది. నన్ను సీటుకు అదిమినప్పుడు నేను ఎదురు తిరుగుతున్నాను. చెంపదెబ్బ పడేసరికి నాలో ఎదురు తిరగడమన్నదే లేదు. చట్టం కూడా గీత ఇక్కడే గీసింది. అరెస్టును బలంగా ఎదిరిస్తే దానికి అవసరమైనంత బలం వాడొచ్చని బీఎన్ఎస్ఎస్ (అరెస్టు, విచారణ ఎట్లా చెయ్యాలో చెప్పే చట్టం) 43వ సెక్షన్ చెబుతుంది. పారిపోకుండా ఆపడానికి ఎంత కావాలో అంతకు మించి నిర్బంధించకూడదని 46 చెబుతుంది. ఆత్మరక్షణ హక్కు పోలీసుకూ ఉంది, కానీ బీఎన్ఎస్ (నేరాలు, శిక్షల చట్టం) 40వ సెక్షన్ ప్రకారం అది అపాయ భయం ఉన్నంతసేపే. కుర్చీలో కూచుని ఏడుస్తున్నవాడి వల్ల ఏ అపాయం? ఇక అరవడం సంగతి. వట్టి అరుపులకు కొట్టే అధికారం ఏ సెక్షన్‌లోనూ లేదు. తిడితే కేసు పెట్టొచ్చు, పెట్టనివ్వండి. కేసు వేరు, దెబ్బ వేరు.

మా మేనమామ చిత్తూరులో హెడ్ కానిస్టేబుల్‌గా చేసి రిటైరయ్యాడు. ఇదంతా చెబితే ముందు నన్నే తిట్టాడు. "వేరే జిల్లాల నుంచి బందోబస్తుకు తెస్తార్రా. ఏ వీధి యాడికి పోతుందో వాళ్లకే తెలీదు. కల్యాణ మండపంలో కింద పడుకుని, తెల్లారుజామున నాలుక్కే లేచి నిలబడి ఉంటాడు. ఒకణ్ణి వదిలితే పైవాడు వీణ్ణి వాయిస్తాడు" అన్నాడు. నిజమే. మరి చెంపదెబ్బ సంగతేంటి మామా అంటే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అది డ్యూటీ కాదులే, రోషం" అన్నాడు. ముప్పయ్యేళ్లు పోలీసు బట్టలేసుకున్న మనిషి నోట ఆ మాట వినడం నాకు కొంచెం ఊరట.

ఆ టెంట్‌లోనే ఒక పెద్దాయన, ఏఎస్సై అనుకుంటా, నాయన దగ్గర పుస్తకం తీసుకుని చూసి, ఒక్క నిమిషంలో జీపులో హాస్పిటల్‌కు పంపించాడు. ఆ పని ఇరవై నిమిషాల ముందు జరిగి ఉంటే, అరుపు లేదు, కాలర్ లేదు, దెబ్బ లేదు. కోపంగా ఉన్న మనిషిని ఎంత బలంతో అణచాలి అని అందరూ అడుగుతారు గానీ, అతనికి కోపం ఎందుకొచ్చిందో ఒక్కరు అడిగితే సగం గొడవలు అక్కడే తెగిపోతాయి.

మీకో, మీవాళ్లకో ఇట్లా జరిగితే ఆ రోజే గవర్నమెంట్ హాస్పిటల్‌కు వెళ్లి ఎంఎల్‌సీ (దెబ్బలను పోలీసు కేసుగా డాక్టర్ నమోదు చేసే కాగితం) రాయించుకోండి. వారం తర్వాత వాపు ఉండదు, సాక్ష్యమూ ఉండదు. సోమవారం ఎస్పీ ఆఫీసులో అర్జీలు తీసుకుంటారు, అక్కడ రాతపూర్వకంగా ఇవ్వండి. మానవ హక్కుల కమిషన్‌కు ఏడాది లోపు రాయొచ్చు. అక్కడ ఎవరైనా వీడియో తీసి ఉంటే వాళ్ల నంబర్ తీసుకోండి.

నేను వీటిలో ఒక్కటీ చేయలేదు. "త్రీ ఫిఫ్టీ త్రీ పెడతాం" అన్నారు. పాత ఐపీసీలో 353వ సెక్షన్, విధుల్లో ఉన్న ప్రభుత్వోద్యోగి మీద దాడి అన్నమాట, ఇప్పుడు బీఎన్ఎస్‌లో 132, రెండేళ్ల దాకా జైలు. కాలర్ పట్టుకున్న మాట నిజమే కాబట్టి భయపడ్డాను. వారానికి మూడుసార్లు నాయనను ఎవరు తీసుకెళ్తారు? ఇకపై ఇట్లా ప్రవర్తించనని తెల్ల కాగితం మీద క్షమాపణ రాసిచ్చి సంతకం పెట్టాను. అందులో చెంపదెబ్బ మాట లేదు. బయటికొచ్చేసరికి కాన్వాయ్ వెళ్లిపోయి గంటయింది, బారికేడ్లు ఒక పక్కకు లాగేసి ఉన్నాయి. నా బండి మాత్రం అదే చోట ఉంది, నాయన హాస్పిటల్ సంచి హ్యాండిల్‌కు వేలాడుతూ.