ఫార్మాట్ చేయించకముందు ఒక్క వారం ఆగు

అమ్మాయికి,

మామయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. (పాత అలవాటు, నవ్వుకో.)

నిన్న ఫోనులో నువ్వు చెప్పినదంతా విన్నాను. పొద్దున్నే షాపు తెరిచేసరికి అఫిడవిట్ల కోసం జనం నిలబడి ఉంటారు, సరిగ్గా అప్పుడే నువ్వు టైపింగుకు వాడే లిబ్రేఆఫీస్ సాఫ్ట్‌వేర్ మొరాయిస్తుంది. నాలుగైదు సార్లు క్లిక్ చేస్తే ఒక్కోరోజు తెరుచుకుంటుంది, ఒక్కోరోజు లోగో కనిపించి మాయమవుతుంది. రెండుసార్లు తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేసినా గుణం లేదు. ఆదివారం ఎవరినో పిలిచి ఫార్మాట్ చేయిస్తానన్నావు. నీ ఎదురుగా కస్టమర్లు తొందరపెడుతుంటే నేను చెప్పేది నీ చెవికి ఎక్కదని ఊరుకున్నాను. ఫార్మాట్ మాట ఒక్క వారం పక్కన పెట్టు.

అసలే తెరుచుకోని సాఫ్ట్‌వేర్‌తో తంటా తక్కువ. ఏదైనా మార్చి చూస్తే పనిచేసిందో లేదో అక్కడికక్కడే తేలిపోతుంది. ఒక పూట తెరుచుకుని ఒక పూట తెరుచుకోనిదే మనిషిని వెర్రివాణ్ణి చేస్తుంది. నువ్వు ఏదో మారుస్తావు, ఆ పూట దానంతట అదే తెరుచుకుంటుంది, నీ మందే పట్టిందనుకుంటావు. మర్నాడు మళ్ళీ మొదటికి.

నా సంగతే చెప్తాను. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో నా డీటీపీ సెంటర్‌లో తెలుగు టైపింగుకు ఒక సాఫ్ట్‌వేర్ ఉండేది. దొంగ కాపీలు వాడకుండా దానితోపాటు డాంగిల్ ఇచ్చారు. అగ్గిపెట్టెంత ప్లాస్టిక్ ముక్క. కంప్యూటర్ వెనక ప్రింటర్ పోర్టుకు దాన్ని తగిలించి, దాని వెనక ప్రింటర్ కేబుల్ తగిలించాలి. అది కనిపించకపోతే సాఫ్ట్‌వేర్ గడప దాటనివ్వదు. రోజుల తరబడి బుద్ధిగా నడిచి, ఉన్నట్టుండి ఒకనాడు లాక్ దొరకలేదంటూ మూసుకుపోయేది. రెండుసార్లు ఫార్మాట్ చేశాను. ర్యామ్ మార్చాను. చివరికి విసుగు పుట్టి, ఆగిపోయిన ప్రతి రోజునూ గోడమీది క్యాలెండర్‌లో పెన్సిల్‌తో సున్నా చుట్టడం మొదలుపెట్టాను. రెండు నెలలు తిరిగేసరికి సున్నాలన్నీ ఒకే వరసలో పడ్డాయి. శుక్రవారాలు! శుక్రవారం పొద్దున మీ అత్తయ్య పూజకు ముందు బల్ల జరిపి ఊడ్చేది. బల్ల కదిలినప్పుడల్లా ఆ లావుపాటి కేబుల్ బరువుకు డాంగిల్ ఒక పక్కకు వాలేది. దానికున్న రెండు మరలు నేను ఏనాడూ బిగించనే లేదు. మీ అత్తయ్య ఈ కథ ఇప్పటికీ నలుగురిలో చెప్తుంది, ఊడ్చినందుకు నేను అన్న మాటలతో సహా.

కాబట్టి నీ బల్ల దగ్గర ఒక క్యాలెండర్ తగిలించు. తెరుచుకోని ప్రతిసారీ మూడు సంగతులు రాయి: ఎన్ని గంటలకు, దేని మీద క్లిక్ చేస్తే, కళ్ళకు ఏం కనిపించింది. తెరుచుకున్న రోజులు కూడా గుర్తుపెట్టు. అవి లేకపోతే చెడ్డ రోజులకు ఏం ప్రత్యేకతో తెలియదు.

కళ్ళకు ఏం కనిపించిందన్నది చిన్న విషయం కాదు. నువ్వు అన్నిటికీ కలిపి తెరుచుకోవడం లేదు అంటున్నావు, అందులో కనీసం మూడు రోగాలున్నాయి. క్లిక్ చేస్తే ఏమీ జరగకపోవడం ఒకటి. లోగో వచ్చి మాయమవడం రెండోది. కిటికీ వచ్చి తెల్లగా బిగుసుకుపోవడం మూడోది. కస్టమర్ తెచ్చిన పెన్‌డ్రైవ్‌లోని ఫైలు మీద క్లిక్ చేసినప్పుడే ఇలా అయితే, ముందు స్టార్ట్ మెనూ నుంచి ఖాళీ రైటర్ (లిబ్రేఆఫీస్‌లో టైపు చేసే భాగం) తెరిచి చూడు. అది హాయిగా వస్తే తప్పు ఆ ఫైలుదో పెన్‌డ్రైవ్‌దో.

మొదటి రోగానికి కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కు. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో డీటెయిల్స్‌లోకి వెళ్ళి 'ఎస్ఆఫీస్ డాట్ బిన్' అన్న పేరు వెతుకు. తెర మీద కిటికీ ఒక్కటీ లేకపోయినా అది అక్కడ కూర్చుని ఉందనుకో, సగం గుట్టు దొరికినట్టే. లిబ్రేఆఫీస్ ఒక యూజర్‌కు మామూలుగా ఒక్కటే నడుస్తుంది. నువ్వు రెండోసారి క్లిక్ చేస్తే, కొత్తగా వచ్చినది పాతదానికి కబురు అందించి తను తప్పుకుంటుంది. పాతది అప్పటికే బిగుసుకుని ఉంటే ఆ కబురు వినేవాళ్ళు లేరు. నువ్వు చేసే నాలుగైదు క్లిక్కులూ అక్కడికే పోతున్నాయి. దాని మీద రైట్ క్లిక్ చేసి ఎండ్ టాస్క్ కొట్టి, పది అంకెలు లెక్కపెట్టి ఒక్కసారి క్లిక్ చెయ్యి. ఒక్కసారే! అయితే ఇంకో డాక్యుమెంటు తెరిచి ఉండగా ఈ పని చేస్తే సేవ్ చేయనిదంతా గాలిలో కలుస్తుంది, జాగ్రత్త.

లోగో వచ్చి మాయమవుతుంటే నా అనుమానం ప్రొఫైల్ మీద. నీ సెట్టింగులు, నువ్వు చేర్చుకున్న పదాలు, టెంప్లేట్లు (నమూనా ఫైళ్ళు) అన్నీ ప్రోగ్రామ్‌తోపాటు ఉండవు, వేరే ఫోల్డర్‌లో ఉంటాయి, దాన్నే ప్రొఫైల్ అంటారు. అందుకే రెండుసార్లు తీసి మళ్ళీ వేసినా నీకు గుణం కనిపించలేదు. ఇల్లు కూల్చి కట్టావు గానీ పాత సామానంతా అలాగే లోపలికి తెచ్చుకున్నావు. కరెంటు పోయి కంప్యూటర్ టపీమని ఆగినప్పుడు ఆ ఫోల్డర్‌లోని ఫైళ్ళు సగం రాతలో పాడవడం మామూలే. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కితే వచ్చే పెట్టెలో అటూ ఇటూ శాతం గుర్తు పెట్టి 'యాప్‌డేటా' అని ఇంగ్లీషులో కొట్టు. తెరుచుకున్న ఫోల్డర్‌లో లిబ్రేఆఫీస్, దానిలో 4, దానిలో యూజర్. (వెర్షన్లు ఎన్ని మారినా ఆ 4 మారలేదు, కంగారుపడకు.) ముందు ఆ యూజర్ ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకో. నీ అఫిడవిట్ నమూనాలు అందులోని టెంప్లేట్ ఫోల్డర్‌లో ఉంటే, ఫార్మాట్ చేసేవాడు వాటిని తుడిచిపెట్టి పోయేవాడే.

తర్వాత స్టార్ట్ మెనూలో లిబ్రేఆఫీస్ సేఫ్ మోడ్ అని ఉంటుంది చూడు, 2017లో వచ్చిన 5.3 వెర్షన్ నుంచీ ఉంది. అది తాత్కాలికంగా కొత్త ప్రొఫైల్‌తో తెరుస్తుంది. రెండు రోజులు పొద్దున్నే అలాగే తెరిచి చూడు. ఏ గొడవా లేకుండా వస్తే దోషం పాత ప్రొఫైల్‌దే. అప్పుడు యూజర్ ఫోల్డర్ పేరు పాతది అని మార్చి మామూలుగా తెరువు, కొత్తది అదే పుట్టించుకుంటుంది. టెంప్లేట్లు మాత్రం వెనక్కు తెచ్చుకో. మొత్తం తిరిగి అతికించావంటే రోగాన్నీ తెచ్చుకున్నట్టే.

తెల్లగా బిగుసుకునేదానికి గ్రాఫిక్స్ ఒక కారణం కావచ్చు. టూల్స్, ఆప్షన్స్, వ్యూలో స్కియాను (తెర మీద బొమ్మ గీసే భాగం) సాఫ్ట్‌వేర్ రెండరింగ్‌కు మార్చి చూడు.

కానీ నీ విషయంలో నాకు ప్రింటర్ మీదే ఎక్కువ గురి. పక్క గదిలోని పెద్ద ప్రింటర్‌ను వైఫైతో కలిపావు కదా. విండోస్‌లో డిఫాల్ట్ ప్రింటర్‌ను, అంటే వేరే చెప్పకపోతే వాడే ప్రింటర్‌ను, తనే చూసుకునే స్విచ్ ఒకటుంది. అది వేసి ఉంటే, నువ్వు ఆఖరున ఏ ప్రింటర్ వాడితే అదే డిఫాల్ట్ అయిపోతుంది. సాయంత్రం పెద్దదాని మీద ప్రింటు తీసి, దాన్ని ఆపేసి ఇంటికి వెళ్తావు. పొద్దున లిబ్రేఆఫీస్ డాక్యుమెంటు తెరుస్తూ ఆ నిద్రపోతున్న ప్రింటర్‌ను పలకరించి జవాబు కోసం కాచుకుంటుంది. చిన్న ప్రింటర్‌తో పని ముగించిన మర్నాడు ఏ ఇబ్బందీ ఉండదు. ఇది నా ఊహే. క్యాలెండర్‌లో ముందురోజు చివరి ప్రింటు దేని మీద తీశావో కూడా రాస్తే వారంలో తేలిపోతుంది. అదే నిజమైతే ఆ స్విచ్ తీసేసి చిన్నదాన్ని డిఫాల్ట్ చేసుకో.

ఇవి కాక, స్టార్ట్‌లో రిలయబిలిటీ అని ఇంగ్లీషులో టైపు చేస్తే రోజువారీ చరిత్ర ఒకటి వస్తుంది. ఏ రోజు ఏది కూలిందో ఎర్ర గుర్తులతో చూపిస్తుంది. నీ క్యాలెండర్ పక్కన దాన్ని పెట్టి చూడు. ఇంకో మాట, రాత్రి షట్‌డౌన్ చేసి పొద్దున వేస్తే అంతా కొత్తగా మొదలైనట్టు కాదు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అన్న సదుపాయం వేసి ఉంటే డ్రైవర్లు (ప్రింటర్ లాంటివాటిని నడిపే ప్రోగ్రాములు) నిన్నటి స్థితిలోనే లేస్తాయి. పూర్తిగా కొత్తగా లేవాలంటే రీస్టార్ట్ కొట్టాలి.

రోజుకు ఒక్క మార్పే చెయ్యి. ప్రింటరూ ప్రొఫైలూ ఒకే రోజు మార్చావంటే, నయమైనా దేనివల్ల నయమైందో తెలియదు, మళ్ళీ వచ్చిననాడు నాకే ఫోను చేస్తావు.

శనివారం షాపు మూశాక క్యాలెండర్ ముందు పెట్టుకుని ఫోను చెయ్యి. ఆదివారం రమ్మన్న అబ్బాయికి ఈలోగా వద్దని చెప్పు.

మీ మామయ్య