వాట్సాప్ ఏఐ అసిస్టెంట్: రెండో రోజు నుంచి రిమైండర్లు ఎందుకు వెళ్లడం లేదంటే

షాపుల వాళ్లకు పనులు గుర్తుచేసే వాట్సాప్ ఏఐ అసిస్టెంట్‌ని ట్రయల్‌లో నడుపుతుంటే, మొదటి రోజు రిమైండర్లు వెళ్లి తర్వాత ఆగిపోవచ్చు. లోపం మీ ఏఐలో లేదు, వాట్సాప్ 24 గంటల నియమంలో ఉంది. యూజర్ చివరి మెసేజ్ పెట్టి 24 గంటలు దాటితే మామూలు మెసేజ్ వెళ్లదు. లాగ్‌లో (మెసేజ్‌ల రికార్డులో) 131047 ఎర్రర్ ఉంటే ఇదే కారణం. గడువు దాటాక వెళ్లేది టెంప్లేట్, అంటే మెటా ముందే ఆమోదించిన మెసేజ్ నమూనా మాత్రమే.

1. రిమైండర్‌కి ఒక టెంప్లేట్ రాసి మెటా అప్రూవల్‌కి పంపండి. పేరు, పని, సమయం చాలు.

2. టెంప్లేట్ కేటగిరీ యుటిలిటీ (ప్రచారం కాకుండా, యూజర్ పనికి సంబంధించిన సమాచారం) పెట్టండి. చాలామంది తప్పేది ఇక్కడే. చివర్లో "ప్రీమియం ప్లాన్ తీసుకోండి" అని ఒక్క ముక్క కలిపినా మార్కెటింగ్ కిందికి మార్చేస్తారు. ఖర్చు పెరుగుతుంది, కొన్ని మెసేజ్‌లు అసలు చేరవు కూడా. ప్లాన్ సంగతి యూజర్ జవాబిచ్చాక, ఆ 24 గంటల్లో చెప్పండి.

3. పంపేముందు యూజర్ చివరి మెసేజ్ టైమ్ చూసేలా కోడ్ రాయండి. గడువు దాటితే టెంప్లేట్, లేకపోతే మామూలు మెసేజ్.

ఇంకోటి, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఏదడిగినా జవాబిచ్చే జనరల్ ఏఐ అసిస్టెంట్లను వాట్సాప్ బిజినెస్ ప్లాట్‌ఫామ్ (వ్యాపారాలు సాఫ్ట్‌వేర్ ద్వారా వాట్సాప్ మెసేజ్‌లు పంపే సేవ) మీద నడపకుండా మెటా 2025 అక్టోబరులో నిబంధన మార్చింది. అమలు తేదీ 2026 జనవరి 15. డబ్బులు వసూలు చేయకముందే ఆ నిబంధన పూర్తిగా చదవండి. మీది ఆ కోవలోకి వస్తే టెలిగ్రామ్‌కి మారడం మేలు. అక్కడ యూజర్ ఒకసారి స్టార్ట్ నొక్కితే చాలు, ఈ 24 గంటల గడువు ఉండదు.