శ్రీకాకుళం చుట్టుపక్కల తిరగాలంటే ముందు వారం, వేళ చూసుకోండి

మీ ప్రశ్న చదివాను. మీ వారి ట్రాన్స్‌ఫర్ మీద నెల క్రితం శ్రీకాకుళం వచ్చారు. ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న అత్తగారు. ఆదివారం ఎక్కడికి వెళ్దామని ఎవరినడిగినా వైజాగ్ అంటున్నారు, ఇక్కడే దగ్గర్లో తిని తిరిగి రావడానికి ఏమీ లేవా అని అడిగారు.

ఉన్నాయండీ. నేను నరసన్నపేట వైపు పల్లెలో పుట్టాను, పద్నాలుగేళ్లుగా ఈ ఊళ్లోనే కాపురం. మొదట్లో మేమూ సెలవొస్తే చాలు వైజాగ్ పరిగెత్తేవాళ్లం. పోను వంద కిలోమీటర్లకు పైన, రాను మళ్లీ అంత. రాత్రి ఇల్లు చేరేసరికి పిల్లలు కారులోనే నిద్రపోయేవారు, మర్నాడు బడికి లేవమంటే ఏడుపు. ఇప్పుడు ఏదైనా పని ఉంటేనే వెళ్తున్నాం.

అయితే ఒక్క మాట. మా ఊళ్లో ఎక్కడికి వెళ్లాలో తెలిస్తే సరిపోదు, ఏ వారం, ఎన్ని గంటలకు వెళ్లాలో తెలియాలి. అది తెలియకే చాలామంది ఒకసారి వెళ్లి "ఇక్కడేముంది" అనేస్తారు. నేనూ రెండుమూడు సార్లు దెబ్బతిన్నాకే నేర్చుకున్నాను.

ముందు తిండి సంగతి. అరసవల్లి వెళ్లే 80 అడుగుల రోడ్డు వైపు ఒక సందు మొగలో ఒకావిడ టిఫిను బండి పెడుతుంది. బోర్డు లేదు, పేరు లేదు, అందరూ అప్ప బండి అంటారు. పూరీ, ఇడ్లీ, మినపట్టు, అంతే. నేను వెళ్లేది మాత్రం పూరీలోకి ఆవిడ చేసే బొంబాయి చట్నీ కోసం. ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, అల్లం ముక్కలు పోపులో మగ్గాక నీళ్లు పోసి, అవి తెర్లుతున్నప్పుడు శనగపిండి జారుగా కలిపి పోస్తుంది. అక్కణ్నుంచి చెయ్యి ఆపదు. గరిటె ఎత్తి చూస్తుంది. చుక్కలు చుక్కలుగా పడితే ఇంకా కాలేదని, ముద్దగా పడితే మించిపోయిందని. ధార తెగకుండా నెమ్మదిగా జారితే అప్పుడు దించి నిమ్మకాయ పిండుతుంది. వేడివేడిగా గిన్నెలో పోసిన చట్నీ మీద పలచటి మీగడలాంటి పొర కడుతుంది చూడండి, ఆ పొరతో సహా పూరీ ముక్క ముంచి తినాలి. మా పెద్దవాడు ఇంట్లో ఏ చట్నీ పెట్టినా వంక పెడతాడు, అక్కడ మాత్రం గిన్నె నాకేస్తాడు.

ఇదంతా ఏడున్నర లోపు మాట. తొమ్మిదింటికి వెళ్తే జనం ఎక్కువై చట్నీలో నీళ్లు కలపక తప్పదు ఆవిడకి. ఒకసారి ఆలస్యంగా వెళ్తే ఆవిడే అంది: "ఏటి బాబూ, ఇప్పుడొచ్చినావు? చట్నీ పలచబడిపోనాది. రేపు బేగి రా." తన వంట తగ్గిందని తనే చెప్పి పంపించే మనిషి దగ్గర తినకుండా ఎలా ఉంటాను? ఆ మర్నాడు ఆరున్నరకే వెళ్లాను.

మధ్యాహ్నం భోజనానికైతే కోర్టు, ఆఫీసుల చుట్టుపక్కల ఉండే చిన్న మెస్సులు నాకు ఇష్టం. గుమాస్తాలు, వాయిదాలకి వచ్చిన పల్లెటూరివాళ్లు రోజూ తినే చోట్లు అవి, కాబట్టి కూర పాడైతే మర్నాడు ఎవరూ రారు. పనసకాయల కాలంలో పనసపొట్టు కూర ఆవ పెట్టి చేస్తారు. మనిషిని చూసి "ఇవాళ పనసపొట్టు ఉందా" అని అడిగి మరీ కూర్చోండి. ఆదివారం వీటిలో చాలావరకు మూసే ఉంటాయి, శనివారం వెళ్లడం మంచిది.

ఇక అరసవల్లి. ఊరికి రెండు కిలోమీటర్లే. ఆదివారం సూర్యనారాయణమూర్తి వారం కనుక అందరూ ఆ రోజే వెళ్లాలనుకుంటారు. మేమూ అలాగే అమ్మని మాఘమాసంలో ఒక ఆదివారం తీసుకెళ్లాం. మాఘమాసం ఆదివారాలంటే జనం ఎక్కడెక్కడి నుంచో వస్తారు, రథసప్తమి సంగతి ఇక చెప్పక్కర్లేదు. మూడు గంటలు వరుసలో నిలబడ్డాం. అమ్మకి సుగరు, దర్శనం అయ్యేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టదు. బయటికొచ్చేసరికి చేతులు వణుకుతున్నాయి. కంగారులో హైవే మీద కనబడిన పెద్ద ఏసీ హోటలుకి తీసుకెళ్లాను, హాయిగా కూర్చుని తింటుందని. రెండిడ్లీ రావడానికి ముప్పావు గంట పట్టింది. ఆ ముప్పావు గంట నేను పడ్డ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేను. జేబులో రెండు బెల్లం ముక్కలు పెట్టుకుని ఉంటే సరిపోయేది. అప్పట్నుంచి అమ్మని మామూలు రోజు, బుధవారమో గురువారమో, గుడి తీయగానే తీసుకెళ్తున్నాం. ప్రశాంతంగా దర్శనమవుతుంది, పుష్కరిణి మెట్ల దగ్గర కాసేపు కూర్చుంటుంది. మీ అత్తగారికి కూడా అదే బాగుంటుంది. ఏడాదికి రెండుసార్లు, మార్చి రెండో వారంలోను అక్టోబరు మొదటి రోజుల్లోను, తెల్లవారి సూర్యకిరణాలు నేరుగా మూలవిరాట్టు పాదాల మీద పడతాయి. అది చూడాలంటే మాత్రం చీకటితోనే వెళ్లాలి, మబ్బు పట్టకూడదని దండం పెట్టుకోవాలి. నాలుగేళ్లు ప్రయత్నిస్తే నాకు ఒక్కసారి దక్కింది. ఆ కొన్ని నిమిషాలు పక్కవాళ్ల ఊపిరి కూడా వినబడలేదు.

సాయంత్రాలు ఎక్కడికీ వెళ్లే ఓపిక లేకపోతే నాగావళి ఒడ్డు ఉంది. గుడివీధిలో ఉమారుద్ర కోటేశ్వరస్వామి గుడికి వెళ్లి, అలా పాత వంతెన వైపు నడిచి, దారిలో మురీ మిక్చర్, అంటే మరమరాల మిక్చర్, పొట్లాలు కట్టించుకుంటాం. మురీలు కలిపిన వెంటనే తినేయాలి, ఇంటికి తెచ్చేసరికి మెత్తబడిపోతాయి. వానాకాలంలో ఏరు నిండుగా ఉన్నప్పుడు వంతెన మీద నిలబడితే పిల్లలకి ఇంకేం అక్కర్లేదు.

ఒక పూర్తి రోజు చేతిలో ఉంటే గార మండలం వైపు వెళ్లండి. శ్రీకూర్మం, శాలిహుండం, కళింగపట్నం మూడూ ఆ మండలంలోనే ఉన్నాయి, దూరమైనది కూడా ముప్పై కిలోమీటర్ల లోపే. మేము దీనికి శనివారం ఎంచుకుంటాం. ఎందుకంటే మా అమ్మ ఆదివారం నీచు ముట్టదు, ఇంట్లో వండనివ్వదు. కళింగపట్నం దాకా వెళ్లి చేపలు తెచ్చుకోకపోతే నాకు వెళ్లినట్టే ఉండదు.

పొద్దున్నే నేరుగా కళింగపట్నం వెళ్లిపోవాలి. వంశధార సముద్రంలో కలిసే చోటు అది. ఒకప్పుడు ఓడలు ఆగిన రేవు, లైట్‌హౌస్ ఇప్పటికీ ఉంది. రాత్రి వేటకి వెళ్లిన పడవలు పొద్దెక్కుతుండగా ఒడ్డుకొస్తాయి. వలలోంచి చేపలు విదిలిస్తుంటే ఇసుకంతా తళతళలాడుతుంది. కానగంతలు, కవళ్లు, మెత్తళ్లు, ఏవి పడితే అవి. ఏమీ తెలియకపోతే బేరం చేస్తున్న ఆడవాళ్లనే అడగండి, పులుసుకి ఏది, వేపుడికి ఏది అని మనసు పెట్టి చెప్తారు. మొప్ప ఎత్తి చూపిస్తారు కూడా, ఎర్రగా తడిగా ఉంటే ఆ పూటదే. ఐసు పెట్టె ఒకటి కారులో వేసుకెళ్లండి. పిల్లల్ని మాత్రం నీళ్లలోకి దిగనివ్వకండి. అక్కడ అలలు బలంగా ఉంటాయి, ఏరు కలిసే చోట లోతు ఒక్కసారిగా మారిపోతుంది. ఇసుకలో ఆడుకోనివ్వండి చాలు. ఈ విషయంలో మా ఇంట్లో మొహమాటాలు లేవు, ఎంత ఏడ్చినా సరే.

ఎండ ముదరకముందే శాలిహుండం కొండ ఎక్కాలి. వంశధార ఒడ్డునే ఉన్న బౌద్ధ క్షేత్రం అది. ఇటుక స్తూపాలు, చైత్యాల పునాదులు కొండ పొడుగునా ఉంటాయి. దీన్ని 1919లో వెలుగులోకి తెచ్చింది మన గిడుగు వెంకట రామమూర్తి గారే. ఆయన 1863లో పుట్టింది కూడా ఈ జిల్లాలోనే, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవమని మీ పిల్లలు బడిలో పాటలు పాడతారే, ఆ రోజు ఆయన పుట్టినరోజు. మావాడికి ఈ సంగతి కొండ మీద చెప్తే "ఆయన ఇక్కడికి నడిచే వచ్చారా నాన్నా" అని అడిగాడు. పాఠంలో చదివినప్పుడు వాడికి రాని ప్రశ్న అది. పైనుంచి చూస్తే ఏరు వంపు తిరిగి సముద్రం వైపు వెళ్లడం కనిపిస్తుంది. ఎక్కడం పెద్ద కష్టం కాదు గానీ, మీ అత్తగారి మోకాళ్లకి వద్దు. ఆవిడతో ఎవరో ఒకరు కింద చెట్టు నీడన ఉండిపోండి. మేము ఇంటి నుంచే పులిహోర, పెరుగన్నం, మాగాయ పట్టుకెళ్తాం. కార్తీకమాసంలో మా వీధివాళ్లం అంతా కలిసి వనభోజనాలకి కూడా ఇటే వస్తాం.

తిరుగుదారిలో సాయంత్రం పూట శ్రీకూర్మం. విష్ణుమూర్తి కూర్మావతారానికి గుడి అనగానే ఇదే గుర్తుకొస్తుంది అందరికీ. రెండు ధ్వజస్తంభాలు, మంటపంలో రాతి స్తంభాలు, గోడల మీద పాత రంగుల బొమ్మలు పెద్దవాళ్లు చూస్తారు. పిల్లలు మాత్రం తిన్నగా తాబేళ్ల దగ్గరికి పరిగెడతారు. డిప్ప మీద పసుప్పచ్చ నక్షత్రాల్లాంటి గీతలుండే తాబేళ్లు. మా చిన్నది ఒక తాబేలు తోటకూర కాడ నములుతుంటే దాని ఎదురుగా బోర్లా పడుకుని అరగంట చూసింది. ఆకు అంచు ఒక్కొక్క గాటు ఎలా తగ్గుతూ వస్తుందో లెక్కపెట్టింది. ఆ రోజు ఇంటికెళ్లి అన్నం కూడా అలాగే తింటానంది. చేపలు కారులో ఉన్నాయని గుడిలోకి రావడానికి అమ్మ ఒప్పుకోదు కనుక ఆవిడ వచ్చినప్పుడు చేపలు కొనం, ఈ సంగతి మీ ఇంట్లో కూడా ముందే అనుకోండి.

పొందూరు కూడా దగ్గరే. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి సన్నటి నూలు వడికే ఊరు. మీ అత్తగారు చేనేత ఇష్టపడే మనిషైతే ఒక పూట తీసుకెళ్లండి, పిల్లలతో అయితే గంటకే విసుగు మొదలవుతుంది.

కాస్త దూరమైనా ఫర్వాలేదనుకుంటే టెక్కలి దగ్గర తేలినీలాపురం తప్పకుండా చూడండి, సుమారు అరవై కిలోమీటర్లు. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊళ్లో ఇళ్ల మధ్య చింతచెట్ల మీదే గూళ్లు కట్టుకుంటాయి. ఆ రెట్టలు, ఆ వాసన, ఆ గోల ఊరివాళ్లు ఏళ్ల తరబడి భరిస్తూ వాటిని సొంత పిల్లల్లా కాపాడుకుంటున్నారు. ఒక పెద్దాయన వాకిట్లో నులకమంచం మీద కూర్చుని, పైన పక్షి రెట్ట వేస్తే భుజం తుడుచుకుని మాట కొనసాగించారు. చెయ్యి ఎత్తి అదిలించనైనా లేదు. ఆయన ముందు నాకు చాలా చిన్నగా అనిపించింది. సెప్టెంబరు నుంచి మార్చి మధ్యలో వెళ్లాలి. వేసవిలో వెళ్తే ఖాళీ చెట్లు చూసి రావాలి. వేసవిలో అయితే అదే హైవే మీద తాటిముంజెలు అమ్ముతారు, అవి తినడానికైనా కారు ఆపండి. మెత్తగా, లేతగా ఉన్నవి పొద్దున పూటే దొరుకుతాయి, మధ్యాహ్నానికి ముదురువి మిగులుతాయి.

మీరు రాసినదాన్ని బట్టి చూస్తే ఈ ఆదివారానికి ఇంత చాలనుకుంటాను. పొద్దున్నే ఏడింటికి అప్ప బండి దగ్గర టిఫిను, సాయంత్రం నాగావళి ఒడ్డు. అత్తగారిని అరసవల్లికి ఆ తర్వాత వచ్చే బుధవారం తీసుకెళ్లండి. ఆవిడ బండి దాకా రాలేకపోతే పూరీలు ఇంటికి తీసుకెళ్లొచ్చు. మూత గట్టిగా పట్టే స్టీలు గిన్నె ఒకటి వెంట పెట్టుకోండి. వేడి చట్నీ కవర్లో కట్టివ్వమంటే అప్ప ఒప్పుకోదు.