‘అవార్డులు గెలిచిన మీడియా స్కూల్’ అంటే లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది హనుమకొండ. జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ టీచర్‌ని. మా అమ్మాయి డిగ్రీ ఫైనలియర్, జర్నలిజం ఒక సబ్జెక్టు. మాస్టర్స్ యూరప్‌లోనే చేస్తానంటోంది. ఒక కన్సల్టెన్సీ వాళ్ల బ్రోషర్లో ‘అవార్డులు గెలిచిన మీడియా స్కూల్’ అని పెద్ద అక్షరాలతో ఉంది. ఖర్చు 28 లక్షలు, సీటు ఖాయం చేయడానికి ముందుగా లక్షన్నర కట్టమంటున్నారు. ఆ అవార్డులకు విలువ ఉంటుందా? రేపు మా అమ్మాయి వాటికి పోటీ పడగలదా?

జవాబు: మాస్టారూ, ఆ లక్షన్నర ఇంకా కట్టకపోతే ఆగండి. ముందు వాళ్లను మూడు సంగతులు అడగండి. ఆ అవార్డు పేరేమిటి, ఏ సంవత్సరం వచ్చింది, ఏ కథనానికి వచ్చింది? మూడోదానికి నీళ్లు నమిలారంటే బ్రోషర్ పక్కన పడేయొచ్చు. యూరప్‌లో జర్నలిజానికి పేరున్న బహుమతులు ఇచ్చేది అచ్చయిన కథనానికి, ప్రసారమైన కార్యక్రమానికి. కాలేజీ బిల్డింగుకు కాదు. ఎప్పుడో గెస్ట్ లెక్చర్ ఇచ్చిపోయిన జర్నలిస్టుకు వచ్చిన బహుమతిని స్కూలు తన ఖాతాలో వేసుకోవడం మామూలే.

అసలు బహుమతి ఎలా ఉంటుందో ఒకటి చెబుతాను. మాల్టాలో డాఫ్నె కరువానా గలీజియా అనే జర్నలిస్టు ఉండేవారు. రాజకీయ నాయకుల అవినీతి మీద తన బ్లాగులో రాసేవారు. 2017 అక్టోబర్ 16న ఆమె కారులో బాంబు పెట్టి చంపేశారు. ఆమె పేరిట యూరోపియన్ పార్లమెంటు 2021 నుంచి ఏటా 20 వేల యూరోల బహుమతి ఇస్తోంది. 2023లో అది గ్రీసు తీరంలో మునిగిన వలసదారుల పడవ మీద చేసిన పరిశోధనకు వచ్చింది. ఆ ఏడాది జూన్ 14న పైలోస్ దగ్గర జరిగిన ఆ ప్రమాదంలో 600 మందికి పైగా చనిపోయారు. ఏథెన్స్‌కు చెందిన సాలొమన్ అనే వార్తాసంస్థ, బెర్లిన్‌లోని ఫోరెన్సిస్ అనే పరిశోధక బృందం, వాటితో పాటు బ్రిటన్‌లోని గార్డియన్ పత్రిక, జర్మనీ పబ్లిక్ ప్రసార సంస్థ ఏఆర్‌డీ కలిసి పనిచేశాయి. బతికి బయటపడిన 26 మందితో మాట్లాడారు. పడవ ఏ నిమిషంలో ఎక్కడుందో 3డి నమూనా కట్టి చూశారు. కోస్ట్‌గార్డ్ చెప్పిన కథ ఎక్కడ అతకడం లేదో బయటపెట్టారు.

ఇది మీ అమ్మాయితో ఒకసారి చదివించండి. ఒక్కరు రాసిన వ్యాసం కాదది. భాష తెలిసినవాళ్లు, డేటా చూసేవాళ్లు, గ్రాఫిక్స్ చేసేవాళ్లు, లాయర్ దగ్గర కూర్చుని ప్రతి వాక్యం సరిచూసుకునేవాళ్లు, ఇంతమంది కావాలి. ‘నాకు రాయడం వచ్చు’ అన్న ఒక్క ధైర్యంతో వెళ్లే పిల్లలకు అక్కడ మొదటి సెమిస్టర్లోనే టెన్షన్ మొదలవుతుంది. అందుకే బహుమతుల జాబితాను నేను సిలబస్ లాగా చదవమంటాను. గత నాలుగైదేళ్ల విజేతల కథనాలు చూస్తే ఏం నేర్చుకోవాలో ఏ కౌన్సెలర్ చెప్పనక్కర్లేదు, నాతో సహా.

పోటీ పడగలదా అన్నారు. పడొచ్చు, అయితే నిబంధన చూడాలి. డాఫ్నె బహుమతికి ఏ దేశస్థులనే పట్టింపు లేదు. వృత్తిలో ఉన్న జర్నలిస్టు అయి, కథనం యూరోపియన్ యూనియన్‌లోని 27 దేశాల్లో ఏదో ఒకచోటి మీడియాలో వచ్చి ఉంటే చాలు. లండన్ పత్రికలో మాత్రమే వచ్చిన కథనానికి అది వర్తించదు, ఎందుకంటే బ్రిటన్ యూనియన్ నుంచి బయటికొచ్చింది. అదే యూరోపియన్ ప్రెస్ ప్రైజ్ అయితే కౌన్సిల్ ఆఫ్ యూరప్ (ఇది యూనియన్ కాదు, అంతకంటే పెద్దదైన వేరే కూటమి) దేశాలన్నిటినీ లెక్కలోకి తీసుకుంటుంది కాబట్టి బ్రిటన్ కూడా వస్తుంది. 2012లో మొదలైన ఈ బహుమతిలో పరిశోధన, వలసల మీద రిపోర్టింగ్, కొత్త ప్రయోగాలు వంటి విభాగాలున్నాయి. ఒక్కోదానికి 10 వేల యూరోలు ఇస్తారు. ఇక యూరోపియన్ కమిషన్ 1992లో పెట్టిన లొరెంజో నటాలీ బహుమతి యూరప్ బయటి రిపోర్టింగ్‌ను కూడా గుర్తించింది. మద్రాసులో తెలుగు కుటుంబంలో పుట్టిన పి. సాయినాథ్ గారు 1990ల్లో దాన్ని అందుకున్నారు. అప్పటికి ఆయన తిరుగుతున్నది మన దేశంలోని అతి పేద జిల్లాల్లో. బహుమతి యూరప్‌ది అయినంత మాత్రాన కథనం కూడా అక్కడిదే అయి ఉండాలని లేదు.

మరోమాట. ‘మీరు విజేతగా ఎంపికయ్యారు, ట్రోఫీకి, డిన్నర్‌కు ఇంత కట్టండి’ అని మెయిల్ వస్తే అది వ్యాపారం. ఎంట్రీ ఫీజు ఉన్నంత మాత్రాన మోసం అనుకోకండి, అమెరికాలో పులిట్జర్‌కు కూడా ఫీజుంది. కానీ గెలిచాక డబ్బు అడిగేదాన్ని ఎవరూ బయోడేటాలో చూడరు. చూసినా నవ్వుకుంటారు.

స్కూలు మంచిదా కాదా తెలుసుకోవడానికి అవార్డు కంటే పనికొచ్చే గుర్తు ఇంకొకటి ఉంది. యూరప్‌లో జర్నలిజం నేర్పే విద్యాసంస్థలకు 1990 నుంచి ఒక సంఘం ఉంది, ఈజేటీఏ అంటారు. విద్యార్థికి ఏమేం రావాలో 2006లో టార్టూ డిక్లరేషన్ పేరిట వాళ్లు రాసుకున్నారు. మీరు చూస్తున్న స్కూలు అందులో సభ్యురాలేమో సంఘం వెబ్‌సైట్లో చూసుకోండి. లేనంత మాత్రాన పనికిరాదని కాదు, కానీ అడగాల్సిన ప్రశ్నలు పెరుగుతాయి.

28 లక్షల లోన్ మాటకొస్తే, ముందు యూరోపియన్ యూనియన్ స్కాలర్‌షిప్ పథకం ఎరాస్మస్ ముండస్ ప్రయత్నించకుండా దాని జోలికి పోవద్దంటాను. అందులో జర్నలిజం, మీడియా, గ్లోబలైజేషన్ పేరుతో కొన్ని యూనివర్సిటీలు కలిసి నడిపే రెండేళ్ల జాయింట్ మాస్టర్స్ ఉంది. మొదటి ఏడాది డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో, రెండో ఏడాది తీసుకున్న స్పెషలైజేషన్‌ను బట్టి ఇంకో నగరంలో. బోధన ఇంగ్లిష్‌లోనే. స్కాలర్‌షిప్ వస్తే ఫీజు ఉండదు, పైగా నెలకు 1,400 యూరోలు ఇస్తారు, 24 నెలలకు 33,600. పోటీ గట్టిగానే ఉంటుంది. గడువు సాధారణంగా జనవరిలో ముగుస్తుంది. చాలామంది మనవాళ్లు తప్పిపోయేది మార్కుల దగ్గర కాదు, కనీసం మూడు నెలల జర్నలిజం అనుభవం ఉండాలన్న షరతు దగ్గర. ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ కాగితం ఉంటుంది, అచ్చయిన కథనం ఒక్కటీ ఉండదు.

ఉద్యోగం సంగతి దాచను. మాస్టర్స్ ఇంగ్లిష్‌లో చదవొచ్చు, కానీ జర్మన్ పత్రికలో ఉద్యోగం జర్మన్‌లోనే చేయాలి, డేనిష్‌లో అయినా అంతే. డేటా, గ్రాఫిక్స్, వీడియో చేతిలో ఉన్నవాళ్లకు కాస్త వెసులుబాటు. కేవలం రాత మీద ఆధారపడితే కష్టం.

మీరు టీచర్ కాబట్టి ఇంకో దారి చెబుతాను, బ్రోషర్లలో ఇది కనిపించదు. స్కూలు పిల్లలకు వార్తను ఎలా చదవాలో, ఫేక్‌ను ఎలా పట్టుకోవాలో నేర్పడం అక్కడ ఒక వృత్తి. ఫ్రాన్స్‌లో విద్యాశాఖ కింద క్లెమీ అనే సంస్థ 1983 నుంచి ఈ పనిలోనే ఉంది. టీచర్లకు శిక్షణ ఇస్తుంది, ఏటా బడుల్లో పత్రికల వారోత్సవం జరుపుతుంది. జర్మనీలో మీడియా విద్యలో మంచి ప్రాజెక్టులకు డీటర్ బాకె పేరిట బహుమతి ఇస్తారు. ఫిన్లాండ్‌లో అయితే ఇది పాఠ్యప్రణాళికలోనే ఉంది. మన దగ్గర వాట్సాప్ ఫార్వర్డులు చూస్తే ఈ చదువుకు పని లేదని ఎవరూ అనరు. మీ అమ్మాయికి బడి వాతావరణం ఇంట్లోనే ఉంది, ఒకసారి ఆలోచించమనండి.

ఇప్పుడు చేయాల్సింది: డిగ్రీ పరీక్షలు కాగానే ఆరు నెలలు పనిలో పెట్టండి. జిల్లా ఎడిషన్ డెస్క్ అయినా సరే, హైదరాబాద్‌లో ఫ్యాక్ట్‌లీ లాంటి ఫ్యాక్ట్‌చెక్ సంస్థ అయినా సరే. జీతం తక్కువే ఉంటుంది, పట్టించుకోవద్దు. తన పేరుతో వచ్చిన ప్రతి కథనాన్ని తేదీ కనిపించేలా దాచుకోవాలి. తెలుగులో వచ్చినవాటిలో మంచివి మూడు నాలుగు ఎంచుకుని, తనే ఇంగ్లిష్‌లోకి చేసి, ఆ అనువాదం సరైనదేనని ఎడిటర్ సంతకంతో లెటర్ తీసుకోవాలి. ఆ లెటర్ కోసం ఉద్యోగం మానేశాక తిరగడం కష్టం, అక్కడ ఉండగానే అడగమనండి.