ప్రపంచంలో మొట్టమొదటి బెలూన్ సైనిక దళం ఎవరిది? అది ఎందుకు రద్దయింది?

ఫ్రాన్స్‌ది. విప్లవం రోజుల్లో, 1794 ఏప్రిల్‌లో, కూతెల్ అనే కెప్టెన్ కింద ఏర్పడింది. బెలూన్‌ను గాలికి వదిలేసేవారు కాదు. తాళ్లతో నేలకు కట్టి, పైనుంచి శత్రువు కదలికలు చూసేవారు.

అసలు తలనొప్పి బెలూన్‌ను పైకి లేపే హైడ్రోజన్ వాయువుతోనే. దాన్ని తయారుచేయడానికి గంధకామ్లం వాడొచ్చు గానీ, గంధకం తుపాకీమందుకే చాలడం లేదు. అందుకని ఇనుప ముక్కలు నింపిన గొట్టాలను కొలిమిలో ఎర్రగా కాల్చి, వాటిలోకి నీటి ఆవిరి పంపేవారు. ఇనుము ఆక్సిజన్‌ను పట్టేసుకుంటే హైడ్రోజన్ మిగిలేది. ఒక్క బెలూన్ నిండడానికి రోజుకు పైగానే పట్టేది! మళ్లీ మళ్లీ ఆ తిప్పలెందుకని, ఫ్రాన్స్‌లోని మోబ్యూజ్ ఊరి నుంచి ఇప్పటి బెల్జియంలోని షార్లెరువా దాకా నిండు బెలూన్‌నే తీసుకెళ్లారు. మన జాతరలో రథం లాగినట్టు సైనికులు తాళ్లు పట్టుకుని నడిచారు.

1794 జూన్ 26న, షార్లెరువా దగ్గరి ఫ్లూరస్‌లో ఆస్ట్రియా, దాని మిత్రుల సేనలతో జరిగిన యుద్ధంలో కూతెల్ దాదాపు 9 గంటలు పైనే ఉన్నాడు. చూసింది కాగితం మీద రాసి తాడు వెంట కిందికి జార్చేవారు. ఫ్రాన్స్ గెలిచింది. అది బెలూన్ చలవేనా అంటే చరిత్రకారులు తలోమాట చెబుతారు. నా మట్టుకు, ఆకాశంలో ఆ కన్ను చూసి ఆస్ట్రియా సైనికులకు పుట్టిన బెదురే ఎక్కువ పనిచేసిందనిపిస్తుంది.

1796లో జర్మనీలోని వుర్జ్‌బర్గ్ దగ్గర ఒక బెలూన్ ఆస్ట్రియాకు చిక్కింది. ఇప్పుడది వియన్నా సైనిక మ్యూజియంలో ఉంది. 1798లో దళం నెపోలియన్ వెంట ఈజిప్టు వెళ్తే, అక్కడ సామగ్రి ఓడతో పాటే పోయింది. ఇలా దెబ్బ మీద దెబ్బ తగిలాక, 1799లో దళాన్ని ఎత్తేశారు.